మూడు కత్తెర్లు

విరిగింది నా వేలు.
రాయి తగిలి కాదు, తలుపు సందున పడి కాదు.
ఆరణి నుంచి వచ్చిన మూడేండ్ల పిల్లోడు
నీళ్ళు పోయంగానే బెదిరి తల విదిలించినాడు.
అదిమి పట్టిన నా ఎడంచేతి ఉంగరం వేలు
పచ్చి చిక్కుడుకాయ మాదిరి
టప్పుమనింది.

వాడి తలకు గాటు పడలేదు.
ముందు అదొక్కటే చూసుకున్నా.

పుత్తూరు బస్సెక్కి కట్టు కోసరం పోయినా.
చెంగల్రాయప్ప కండ్లు మూసుకొని వేలు తడిమి
గుడ్డ చుట్టలేదు, పసరు పెట్టలేదు.
"ఇది దెబ్బకు విరిగిన బొమిక కాదమ్మే,
లోపల ముందే ఖాళీ అయింది.
నా చేతికి అందేది పైపైదే.
తిరుపతికి పో, ఫిలిం తీపించుకో."
తీసుకున్న యాభై రూపాయలు
మళ్ళా నా కొంగులోనే పెట్టినాడు.

పెద్దాసుపత్రిలో నల్ల ఫిలిం మీద
నా వేలు
పురుగు తొలిచిన శెనక్కాయ మాదిరి ఉండాది.
పైన పల్చటి పొట్టు,
పప్పు ఉండాల్సిన చోట పొగ.

డాక్టరమ్మ నస్రీన్, నా కూతురి కంటే చిన్నది,
"గడ్డ" అనింది.
ఎర్రగడ్డ తెలుసు, తెల్లగడ్డ తెలుసు,
ఉర్లగడ్డ కూర నిన్ననే చేసినా.
ఈ గడ్డ ఏ సంతలో దొరుకుతుందమ్మా అని నవ్వబోతే
నవ్వు గొంతులోనే ఆగింది.
అడగలేక అడిగినా, "ఆ జబ్బేనా?"

ఆమె తొందరపడి కాదనలేదు.
అందుకే నమ్మినా.
అంచు చూడు, గీత గీసినట్టుంది,
చెడ్డదైతే గట్టు తెంపుకొని పక్క మడిలోకి పారుతుంది, అనింది.
విరగక ముందు నొప్పి ఉండెనా? లేదు.
రాత్రిళ్ళు నిద్ర లేపిందా? లేదు.
ఎన్నాళ్ళ నుంచి లావుగా ఉంది?
పెండ్లి ఉంగరం పట్టడం లేదని
తాకట్టు పెట్టేసి ఆరేండ్లు.
ఆమె అది కూడా రాసుకునింది.

మిగతా తొమ్మిది వేళ్ళకూ, కాళ్ళకూ ఫిలిం తీసినారు.
ఒకటే ఉంటే ఒక దారి, చానా ఉంటే ఇంకో దారంట.
ఒకటే.

విరిగింది ముందు అతుక్కోనీ అని
నెలన్నర ఇంట్లో కూర్చోబెట్టినారు.
గొరగని చేయి ఏం చేయాలో తెలీక
టెంకాయ పీచు పీక్కుంటా కూర్చునింది.

ఆ తర్వాత చేయి ఒక్కటే మొద్దుబారేటట్టు సూదేసి
చిన్న గరిటెతో గీరింది, లేత టెంకాయ గీరినట్టు.
ఆ గరుకు చప్పుడు నాకు ఇనపడతానే ఉండాది.
ఇరవై ఏండ్లుగా నేను గీసేది
బొమికకు వెలుపల.
ఆమె లోపల.
ఉడికిన సగ్గుబియ్యం మాదిరి మెరిసే ముక్కలు
సీసాలో వేసి చూపించింది.
ఇంతేనా అన్నా.
ఆడోళ్ళు ఇచ్చే మూడు కత్తెర్లతోనే
దేవుడు మొత్తం జుట్టు లెక్కేసుకున్నట్టు
ఆ కొంచెంతోనే వేలంతా చెప్తారంట.
మణికట్టులోంచి చిటికెడు బొమిక తీసి గుంత పూడ్చింది.
నాకు నేనే అప్పు.

పన్నెండో రోజు కాగితం వచ్చింది.
మంచి గడ్డేనంట.
గడ్డల్లో మంచిదేందో!
ఏడాదికొకసారి ఫిలిం తీపించుకోవాల.
మళ్ళా రాదని చేతిలో చేయేసి మాత్రం చెప్పలేదు.
వేలు పూర్తిగా మడవదు.

నిన్న కొండెక్కినా. అర బ్లేడు, నీళ్ళ చెంబు.
పలమనేరు పక్క పట్టుపురుగులు మేపుకొనే మనిషంట,
నిండు జడ ఇచ్చేసింది.
జుట్టు జారినాక చెవి వెనక
సగం నిమ్మకాయ బోర్లించినట్టు, గట్టిగా.
ఇట్లాంటివి ఎన్ని తలల్లో చూసినానో,
బ్లేడు పక్కకు తిప్పుకొని పోతా ఉంటి.
నిన్న ఆపినా.
నొప్పుందా?
లేదక్కా.
పెరుగుతా ఉండాదా?
ఏమో, నా తల నేనెప్పుడు చూసుకుంటి.

వెనక వరుసలో గోవిందలు పెరగతా ఉండాయి.
ఆమె చేయి పట్టి తడి నెత్తి మీద పెట్టించి
మడవని నా వేలితో ఆమె వేలిని
దాని చుట్టూ ఒకసారి తిప్పినా.

భయపడొద్దు, ఊరికే కూడా ఉండొద్దు, అని
నీళ్ళు పోసి
మిగతా సగం గొరిగినా.